వాన పడింది, శెనక్కాయ విత్తొచ్చా? అదను, పదును చూసుకునే పద్ధతి

జూన్ వస్తే చాలు, ఫోన్లు మొదలవుతాయి. “అన్నా, రాత్రి వాన బాగా పడింది, విత్తనం వేసేద్దామా?” పాకాల నుంచి ఒకరు, బంగారుపాళ్యం నుంచి ఒకరు, పలమనేరు నుంచి ఇంకొకరు. ఇంట్లో కూర్చుని నేనేం చెప్పగలను? రోడ్డుకు అటువైపు కుండపోత, ఇటువైపు దుమ్ము రేగుతున్న రోజులివి. జవాబు మీ చేలోనే ఉంది. దాన్ని ఎట్లా రాబట్టుకోవాలో ఒకసారి పద్ధతిగా రాసి పెడితే, ఇకపై అడిగినవాళ్ళకు ఇదే పంపొచ్చని కూర్చున్నా.

ముందు నేను చేసిన తప్పు చెబుతా. ఒక ఏడాది జూన్‌లో రాత్రంతా రేకుల మీద వాన చప్పుడు. తెల్లారేసరికి వీధిలో నీళ్ళు పారుతున్నాయి. నాయన వద్దంటున్నా వినకుండా రెండెకరాల్లో విత్తే గొర్రు తోలించా. వారం తర్వాత సాలు తవ్వి చూస్తే కొన్ని పప్పులు ఉబ్బి కుళ్ళిపోయాయి, కొన్ని మొలక బయటపెట్టి అక్కడే ఎండిపోయాయి. నాలుగు వేళ్ళ కింద మట్టి పొడిపొడిగా ఉంది. రెండెకరాల విత్తనం మట్టిపాలు. నాయన తిట్టలేదు, ఒక్క మాటన్నాడు: “వీధిలో నీళ్ళు పారినాయంటే భూమిలోకి దిగలేదని రా అర్థం.”

అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు అన్నారు పెద్దలు. అదను అంటే తేదీ, పదును అంటే తేమ. పాతకాలంలో ఈ రెండూ దాదాపు కలిసే వచ్చేవి, ఆరుద్ర కార్తెకు అటూ ఇటూగా. ఇప్పుడు వానలు అట్లా లేవు. నెల్లాళ్ళ వాన మూడు రోజుల్లో కురిసి పోతుంది, తర్వాత ఇరవై రోజులు ఆకాశం మొహం చాటేస్తుంది. అందుకే రెంటినీ విడివిడిగా చూసుకోవాలి.

ఇది వర్షాధారంగా శెనక్కాయ వేసే ఎర్ర నేలలకు రాస్తున్నది. బోరు కింద వేసేవాళ్ళకు ఇంత తంటా అక్కర్లేదు.

కావలసినవి

- ఒక ప్లాస్టిక్ గరాటు, రెండు లీటర్ల ఖాళీ బాటిల్
- మందుల షాపులో దొరికే 10 మిల్లీలీటర్ల సిరంజి, సూది లేనిది (50 మిల్లీలీటర్లది దొరికితే ఇంకా మేలు)
- చేతికర్ర పొడవున్న ఇనుప కడ్డీ, చిటికెన వేలంత లావు, మొన లేనిది
- గడ్డపార
- ఉతికిన గోనెసంచి
- కొలత టేపు, ఒక నోటుబుక్కు

వెయ్యి రూపాయల ఖర్చు కూడా కాదు. కడ్డీ కొనొద్దు, ఇల్లు కట్టేచోట అడిగితే ముక్క ఇస్తారు.

1. వానను కొలవండి

“బాగా పడింది” అనేది కొలత కాదు. రేకుల ఇంట్లో పడుకున్నవాడికి చినుకు కూడా తుపానే.

గరాటు నోటి వెడల్పు లోపలి అంచు నుంచి లోపలి అంచు వరకు కొలవండి. 11.3 సెంటీమీటర్లున్న గరాటు దొరికితే మీ అదృష్టం. దాని నోటి వైశాల్యం దాదాపు 100 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి బాటిల్లో చేరిన ప్రతి 10 మిల్లీలీటర్లూ 1 మిల్లీమీటరు వాన. ఒక సిరంజి నిండితే ఒక మిల్లీమీటరు, అంతే. 10 సెంటీమీటర్ల గరాటైతే 7.85 మిల్లీలీటర్లకు ఒక మిల్లీమీటరు, 15 సెంటీమీటర్లదైతే 17.7కి ఒకటి. ఈ అంకెను బాటిల్ మీదే మార్కర్‌తో రాసుకోండి, లేకపోతే వచ్చే ఏడాదికి మర్చిపోతారు.

గరాటును బాటిల్ మూతిలో బిగించి, చుట్టూ టేపు వేసి, బాటిల్‌ను సగం వరకు భూమిలో పాతండి. గరాటు నోరు నేలకు అడుగు ఎత్తులో, వంకర లేకుండా ఉండాలి. చెట్టుకు, గోడకు దగ్గరగా పెట్టొద్దు. చెట్టు ఎంత ఎత్తుంటే దానికి రెండింతలు దూరం జరగండి. ఇంటి ముందు కాదు, చేలో పెట్టండి. ఊళ్ళో పడిన వాన లెక్క చేనుకు పనికిరాదు.

రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు చూసి, రాసి, పారబోయండి. వాతావరణ శాఖ వాళ్ళు లెక్క తీసేదీ ఆ సమయానికే, కాబట్టి మీ అంకెను వాళ్ళ అంకెతో పోల్చుకోవచ్చు. చాలామంది పారబోయడం మర్చిపోతారు. మొన్నటి 12, నిన్నటి 9 కలిసి 21 కనిపిస్తే ‘ఒకే వాన’ అనుకుని గొర్రు కడతారు. రెండు రోజుల ఎండలో మొన్నటి వానలో ఎంత ఆవిరైపోయిందో ఎవరికి తెలుసు?

ఎకరాపై ఒక మిల్లీమీటరు వానంటే సుమారు 4 వేల లీటర్లు. 25 మిల్లీమీటర్లంటే లక్ష లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై. ఎండాకాలంలో మామిడి చెట్లకు ట్యాంకర్లు తోలించినవాళ్ళకు ఆ లెక్క విలువ నేను చెప్పక్కర్లేదు.

తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు కురిశాక విత్తమనేది సాధారణంగా చెప్పే సలహా. మంచిదే. కానీ అర్ధగంటలో 50 కురిస్తే సగం వంకలోకి పోతుంది. ముసురు పట్టి 35 కురిస్తే మొత్తం దిగుతుంది. అందుకే వాన అంకె చూసి గొర్రు కట్టొద్దు. అది ‘చేలోకి వెళ్ళి చూడు’ అని చెప్పే గంట మాత్రమే.

2. పదును చూడండి

అసలు పని ఇదే. వాన ఆగిన వెంటనే కాదు, ఒక రోజు ఆగి చేలోకి వెళ్ళండి. కాస్త బరువు నేలైతే రెండు రోజులు. నీరు కిందికి సర్దుకోవాలి.

కడ్డీని నిటారుగా పట్టుకుని, రెండు చేతులతో నెమ్మదిగా నొక్కండి. తడి ఉన్నంత మేరా వెన్నలో దిగినట్టు దిగుతుంది, పొడి మట్టి తగలగానే ఆగిపోతుంది. ఆ తేడా చేతికి తెలుస్తుంది. అక్కడ వేలు పెట్టి, బయటికి తీసి, కొలవండి. మన నేలల్లో గులకరాళ్ళు ఎక్కువ కాబట్టి ఒక్క పోటుతో నమ్మొద్దు, పక్కపక్కనే మూడు పోట్లు పొడవండి.

ఎక్కడెక్కడ? మిట్టన ఒక చోట, మధ్యలో రెండు, పల్లంలో ఒకటి, గట్టు పక్కన ఒకటి. ఇక్కడే అందరూ బోల్తా పడేది: బండి దిగి, దారి పక్కన పల్లంలో ఒక్కచోట చూసి వచ్చేస్తారు. పల్లం ఎప్పుడూ తడిగానే ఉంటుంది. మీ చేనుకు జవాబు చెప్పేది మిట్ట.

మొదటిసారి చేసేవాళ్ళు ఒకచోట గడ్డపారతో గుంత తీసి, కడ్డీ చెప్పింది నిజమేనా చూసుకోండి. తడిమట్టి ముదురు ఎరుపు, పొడిమట్టి లేత ఎరుపు, మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది.

ఇక నిర్ణయం ఇట్లా తీసుకోండి:

- పదును బెత్తెడే, అంటే నాలుగు వేళ్ళే ఉంటే: విత్తొద్దు. గుంటక తోలి కలుపు చంపండి, ఉన్న తేమ పైకి ఎగరకుండా ఆపండి. వచ్చే వానకు ఈ దుక్కి బాగా తాగుతుంది.
- జానెడు, అంటే ఎనిమిది తొమ్మిది అంగుళాలుంటే: విత్తండి. తర్వాత పది రోజులు వాన రాకపోయినా మొలక నిలుస్తుంది.
- రెంటికీ మధ్యలో ఉంటే: ‘మేఘదూత్’ యాప్‌లో రాబోయే ఐదు రోజులు చూడండి. మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ వాతావరణ సలహా కూడా వస్తుంది. వాన సూచన ఉంటే సగం చేను విత్తి, సగం ఆపండి.

ఈ ‘సగం’ మాట చాలామందికి నచ్చదు. గొర్రుకు, కూలీలకు రెండుసార్లు పిలవాలి కదా అంటారు. నిజమే. కానీ ఒకే రోజు మొత్తం విత్తితే, పూత నుంచి ఊడ (కొసన కాయ కట్టే కాడ) మట్టిలోకి దిగే రోజుల్లో వచ్చే ఒక్క వానల్లేని బెట్ట మొత్తాన్నీ కొట్టేస్తుంది. పది పదిహేను రోజుల తేడా ఉంటే ఒక భాగమైనా తప్పించుకుంటుంది. నేను రెండుసార్లు పిలుస్తాను.

చివరగా పిడికిలి పరీక్ష. విత్తే లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిసకండి. ఉండ కట్టకపోతే తేమ చాలదు. ఉండ కట్టి, నడుమెత్తు నుంచి వదిలితే పగిలి పొడి కావాలి. ముద్దలా అతుక్కుంటే ఇంకా పచ్చిగా ఉంది, ఇప్పుడు గొర్రు తోలితే గడ్డలు లేస్తాయి. ఇసుక పాలు ఎక్కువున్న నేలలో ఉండ ఎప్పుడూ బలహీనంగానే ఉంటుంది, దానికి కంగారు పడొద్దు.

3. విత్తనాన్ని ముందే పరీక్షించండి

ఇది నిజానికి వానకు పదిహేను రోజుల ముందు చేయాల్సింది. వాన పడ్డాక విత్తనం కోసం పరుగెత్తేవాడికి ఎంచుకునే టైమ్ ఉండదు.

సంచి పైన, మధ్య, అడుగు నుంచి పప్పు తీసి కలపండి. కళ్ళు మూసుకుని 100 లెక్కపెట్టండి. కళ్ళు మూసుకోమని ఊరికే చెప్పడం లేదు. చెయ్యి దానంతటదే మంచి గింజ మీదికి పోతుంది. మా అమ్మ నూటికి 96 మొలిచాయని సంబరపడిన ఏడాది చేలో మూడొంతులు కూడా రాలేదు, ఎందుకంటే ఆమె ఏరి ఏరి పెట్టింది.

గోనెసంచిని తడిపి బాగా పిండండి. ఎరువుల సంచి వాడొద్దు. పది వరసల్లో పదేసి గింజలు వేలెడు ఎడంతో పేర్చి, చాప చుట్టినట్టు చుట్టి, వదులుగా కట్టి, నీడలో నిలబెట్టండి. పొద్దున, సాయంత్రం నీళ్ళు చిలకరించండి. నానబెట్టొద్దు, నీళ్ళలో పెడితే మంచి విత్తనం కూడా కుళ్ళుతుంది. ఐదో రోజు ఒకసారి, ఏడో రోజు ఆఖరిసారి విప్పి చూడండి.

తెల్లగా, నిటారుగా, అంగుళం దాకా వేరు తీసినవే లెక్క. పగిలి నోరు తెరిచినవి, వేరు కొస నల్లబడినవి, మెత్తబడినవి లెక్కలోకి రావు. 85 పైన మొలిస్తే మామూలు మోతాదు: ఎకరాకు 60 నుంచి 70 కేజీల పప్పు, గింజ సైజును బట్టి. 75 మొలిస్తే 65 కేజీలు వేసే చోట 74 కావాలి (65ను 85తో హెచ్చించి 75తో భాగించండి). ధ్రువీకరణ విత్తనానికి చట్టం అడిగే కనీస మొలక 70 శాతం. అంతకన్నా తగ్గితే ఆ విత్తనం వదిలేయండి, ఎవరిచ్చినా సరే.

గింజల మీద నల్లటి మసి లాంటి బూజు కనిపిస్తే విత్తనశుద్ధి తప్పనిసరి. పచ్చటి, పసుపుపచ్చటి బూజు పట్టిన పప్పును ఆవుకు పెట్టొద్దు, గానుగకు కూడా ఇవ్వొద్దు. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేసే బూజు కావచ్చు, కడిగినా వేయించినా పూర్తిగా పోదు.

కాయలు ఎప్పుడు వొలవాలి? విత్తడానికి వారం పది రోజుల ముందు మాత్రమే. పొట్టు తీసిన పప్పు నిలవుంటే మొలక తగ్గుతుంది. మిషన్‌లో వేస్తే బద్దలు, తోలు లేచినవి ఎక్కువవుతాయి. ఇంటిల్లిపాదీ సాయంత్రాలు టీవీ ముందు కూర్చుని వొలిచే పద్ధతే విత్తనానికి మేలు, వేళ్ళు నొప్పెట్టినా.

4. అదను: కోత నుంచి వెనక్కి లెక్కపెట్టండి

మన చిత్తూరు, తిరుపతి జిల్లాలకు ఒక చిక్కుంది. నైరుతి వానకు విత్తుతాం, ఈశాన్య వానకు దొరికిపోతాం. కదిరి-6 లాంటి రకం సుమారు 105 రోజులు తీసుకుంటుంది. జులై 5న విత్తితే అక్టోబర్ 18కి పీకొచ్చు. జులై 31న విత్తితే నవంబర్ 13. ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబర్ 20 ప్రాంతంలో మొదలవుతాయి. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఏర్లయిన, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించిన రోజులు గుర్తున్నాయా? అట్లాంటి వారంలో మీ కుప్ప చేలో ఉంటే కాయ లోపలే మొలకెత్తుతుంది.

కాబట్టి ఆరుద్ర, పునర్వసు కార్తెలు, అంటే జూన్ 22 నుంచి జులై 19 దాకా, విత్తుకోవడానికి మంచి రోజులు. జులై ఆఖరు దాటితే శెనక్కాయ మీద ఆశ వదలండి. ఆగస్టులో మంచి పదును దొరికితే కొర్ర, సజ్జ, అలసంద. ఆగస్టు ఆఖరు, సెప్టెంబర్ అయితే ఉలవ. ‘ఉలవలా?’ అని మొహం చిట్లించేవాళ్ళకు ఒకటే చెబుతా: ఖాళీ చేను కన్నా ఉలవచారు మేలు.

5. విత్తే రోజు

విత్తనశుద్ధి: కిలో పప్పుకు 3 గ్రాముల మాంకోజెబ్ అనే బూజు మందు. చేతికి గ్లౌజులు, కింద పట్ట. నీళ్ళు చిలకరించాలే తప్ప పోయకూడదు. శెనక్కాయ తోలు తడిస్తే ఊడి వస్తుంది, తోలు ఊడిన గింజ సరిగా మొలవదు. నీడన ఆరనివ్వండి. మందు వద్దనుకునేవాళ్ళు కిలోకు 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే బూజు పొడి వాడొచ్చు. రెండూ కలిపేయొద్దు, మందు ఆ మేలుచేసే బూజును చంపేయొచ్చు. మందు కలిపిన పప్పు మిగిలితే పాతిపెట్టండి, పిల్లలు శెనక్కాయ కనిపిస్తే ఆగరు.

లోతు రెండంగుళాలు దాటొద్దు. ట్రాక్టర్ గొర్రుతో వచ్చే తంటా ఇదే, డ్రైవర్ తొందరలో మూడు నాలుగు అంగుళాలు దించేస్తాడు. మొదటి సాలు పూర్తి కాగానే బండి ఆపించి, మూడు చోట్ల వేలితో తవ్వి చూడండి. మొహమాటపడొద్దు. సాళ్ళ మధ్య అడుగు, మొక్కల మధ్య నాలుగంగుళాలు.

ఏడు సాళ్ళు శెనక్కాయ, ఎనిమిదోది కంది. శెనక్కాయ చేతికి రాకపోయినా కంది వేరు లోతుకు పోయి ఈశాన్య వానను అందుకుంటుంది. అక్కడక్కడ కందికి బదులు నాటు అనప (చిక్కుడు జాతి గింజ) వేయండి. ఈ నాటు రకాలకు పగలు కురచబడితే గానీ పూత రాదు, జూన్‌లో వేసినా ఆగస్టులో వేసినా చలికాలంలోనే కాస్తాయి. వాన వెనకాముందు అయినా సంక్రాంతికి పితికిపప్పు గ్యారంటీ అన్నమాట.

విత్తాక పంటను ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) ఎక్కించడానికి రైతు సేవా కేంద్రానికి వెళ్ళండి. అంతర పంట కూడా రాయించండి.

“పొడి దుక్కిలోనే ముందుగా విత్తి వానకు వదిలేయొచ్చా, ప్రకృతి వ్యవసాయం వాళ్ళు నవధాన్యాలు అట్లా వేస్తున్నారు కదా?” అని అడుగుతారు. వాళ్ళు విత్తనానికి బంకమట్టి, ఘనజీవామృతం పట్టించి గుళికలు చేసి వేస్తారు, అదీ చాలావరకు చిన్న గింజలు. శెనక్కాయ పప్పుతో ఆ సాహసం చేయొద్దు, అరకొర తడికి ఉబ్బి కుళ్ళుతుంది.

6. తినే గింజకు ఒక చెక్క

మూడెకరాలున్నా పావు ఎకరం ఇంటి తిండికి వదలండి. రాగి నేరుగా విత్తితే ఎకరాకు 3, 4 కేజీలు చాలు, పావు ఎకరానికి కేజీతో అయిపోతుంది. తిరుపతి దగ్గర పెరుమాళ్ళపల్లి పరిశోధనా స్థానం ఇచ్చిన వకుల, తిరుమల రకాలు మన వాతావరణంలో పుట్టినవే, అడిగి చూడండి. సంగటికి రాగులు కొనుక్కునే రైతును చూస్తే నాకెందుకో నవ్వు రాదు.

7. మొలిచాక లెక్క

పన్నెండో రోజు టేపు తీసుకెళ్ళండి. సాలు వెంట ఒక మీటరు కొలిచి మొక్కలు లెక్కపెట్టండి. నాలుగంగుళాల ఎడమైతే పది రావాలి. ఐదు చోట్ల చూడండి, మళ్ళీ మిట్టను మర్చిపోవద్దు.

- సగటు 8 పైన: బాగుంది.
- 5 నుంచి 7: సందుల్లో శెనక్కాయ మళ్ళీ పెట్టొద్దు, వెనకబడి ఒకేసారి కోతకు రాదు. అలసంద, అనప పెట్టండి.
- 5 లోపు: ముందు తేదీ చూడండి. జులై ఇంకా ఉండి, జానెడు పదును ఉంటేనే మళ్ళీ విత్తడం. లేకపోతే దున్నేసి కొర్రకు పోండి.

మొలక రాకముందే గట్టి వాన పడి పైన అట్ట కట్టిందా? ముళ్ళకంప మీద చిన్న రాయి కట్టి తేలిగ్గా లాగండి, పగులుతుంది. గుంటక తోలితే మొలకలు విరుగుతాయి.

మూడు వారాలు దాటాక బెట్ట వస్తే గుంటక తోలండి. పైమట్టి వదులైతే కింది తేమ ఆగుతుంది. అదే అదనులో కంది సాలు పక్కన నాగలితో లోతైన సాలు తీస్తే తర్వాతి వాన అక్కడ నిలుస్తుంది. మధ్యాహ్నం ఆకు వాలిందని టెన్షన్ పడొద్దు, తెల్లవారుజామున వెళ్ళి చూడండి. పొద్దున కూడా వాలి ఉంటేనే ప్రమాదం. వాన వచ్చి పైరు తేరుకునేటప్పుడు లీటరుకు 20 గ్రాముల యూరియా కలిపి చల్లితే త్వరగా కోలుకుంటుంది. ఎండిన నేల మీద మిట్టమధ్యాహ్నం చల్లితే ఆకు మాడుతుంది.

నోటుబుక్కులో రోజూ వాన, కడ్డీ దిగిన లోతు, విత్తిన తేదీ, మీటరుకు మొక్కలు రాయండి. ఈసారి ఫోన్ చేసేటప్పుడు అది చేతిలో పెట్టుకోండి. “బాగా పడిందన్నా” అంటే నేను మళ్ళీ “కడ్డీ ఎంత దిగింది?” అనే అడుగుతాను.